నాలుగు కంప్యూటర్లు కలిసి ఒక్కదానికన్నా నెమ్మదిగా నడిచిన కేసు

ఇంట్లో ఉన్న కంప్యూటర్లను నెట్‌వర్క్‌తో కలిపి ఒకే పనికి పెట్టాలనుకునేవారు అప్పుడప్పుడు నన్ను సంప్రదిస్తూ ఉంటారు. అలాంటివి చాలావరకు రెండు పూటల్లో తేలిపోతాయి. ఈ కేసు మాత్రం మూడు వారాలు పట్టింది. అందులో మొదటి రెండు వారాలు నేను అడగకూడని ప్రశ్నకు ఎంతో శ్రద్ధగా జవాబు వెతుకుతూ గడిపాను, దీన్ని రాసి పెట్టడానికి అదే కారణం. వ్యక్తిని గుర్తుపట్టగల వివరాలన్నీ తీసేశాను. కొలతలను దగ్గరి అంకెకు సవరించాను గానీ వాటి మధ్య ఉన్న నిష్పత్తులు అలాగే ఉన్నాయి.

నేపథ్యం

ఆయన సొంతంగా పరిశోధన చేసుకునే వ్యక్తి. పొరలు పొరలుగా ఉన్న పదార్థంలో వేడి ఎలా పాకుతుందో లెక్కగట్టే ప్రోగ్రామును సి భాషలో రాసుకున్నారు. నిలువునా అడ్డంగా వెయ్యేసి గళ్లున్న ఒక జాలకం ఉంటుంది. ప్రతి అడుగులోనూ ఒక్కో గడి ఉష్ణోగ్రతను దాని నాలుగు పక్క గళ్లను బట్టి మళ్లీ లెక్కిస్తారు, అడుగుకూ అడుగుకూ మధ్య మార్పు ఒక హద్దుకు దిగువకు వచ్చినప్పుడు రన్, అంటే ఆ మొత్తం లెక్క, ఆగిపోతుంది. సగటున ఒక రన్‌కు 2 లక్షల అడుగులు పడతాయి. పొరల మందాన్నీ ఉష్ణ వాహకతనూ మారుస్తూ అలాంటివి 600 రన్లు కావాలి.

ఇంట్లో నాలుగు యంత్రాలు ఉన్నాయి. ఆయన రోజూ వాడేది ఆరు కోర్లు, 16 గిగాబైట్ల మెమరీ ఉన్న డెస్క్‌టాప్, దీన్ని పెద్ద డెస్క్‌టాప్ అంటాను. రెండోది 2012 నాటి నాలుగు కోర్ల పాత డెస్క్‌టాప్. మూడోది నాలుగు కోర్ల ల్యాప్‌టాప్. నాలుగోది పగలంతా ఇంట్లో మరొకరు వాడుకునే హాలులోని డెస్క్‌టాప్. పెద్ద డెస్క్‌టాప్ మినహా మిగతా మూడింటికీ తలా 8 గిగాబైట్ల మెమరీ ఉంది. అన్నింటిలోనూ లినక్స్ ఉంది. అన్నీ ఒక మామూలు రౌటర్‌కు వైఫై ద్వారా కలిసి ఉన్నాయి.

నా దగ్గరకు వచ్చిన సమస్య

ఆయన నన్ను పిలిచేనాటికే చాలా దూరం వెళ్లారు. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 మామూలు 486 కంప్యూటర్లను ఈథర్‌నెట్‌తో కలిపి బేవుల్ఫ్ అనే క్లస్టర్‌ను, అంటే ఒకే పని చేసే కంప్యూటర్ల గుంపును, కట్టిన సంగతి చదివి, అదే బాటలో ప్రోగ్రామును ఎంపీఐ పద్ధతిలోకి, అంటే వేర్వేరు యంత్రాల్లోని ముక్కలు సందేశాలు పంపుకుంటూ ఒకే లెక్క చేసే పద్ధతిలోకి, మార్చుకున్నారు. జాలకాన్ని అడ్డంగా పట్టీలుగా కోసి ఒక్కో యంత్రానికి ఒక్కో పట్టీ ఇచ్చారు. ప్రతి అడుగు చివరా యంత్రాలు తమ పట్టీల అంచు వరుసలను పక్కవారితో మార్చుకుంటాయి. ప్రోగ్రాము చక్కగా రాసినదే, అందులో నేను దిద్దవలసిన తప్పేమీ కనిపించలేదు.

అయినా పెద్ద డెస్క్‌టాప్ ఒక్కటే నాలుగు ప్రాసెస్‌లతో నడిపితే అడుగుకు 1.5 మిల్లీసెకన్లు పడుతుండగా, నాలుగు యంత్రాలూ కలిసి నడిపితే 4.5 మిల్లీసెకన్లు పడుతోంది. అంటే రన్‌కు అయిదు నిమిషాలు పట్టే చోట పావుగంట అన్నమాట. 600 రన్లకు ఒక్క యంత్రం మీద 50 గంటలు పడితే, క్లస్టర్ మీద ఆరు రోజులు దాటుతుంది. పైగా ఒక్కోసారి ప్రోగ్రాము మొదట్లోనే కదలకుండా నిలబడిపోతోంది. ఏ ఎర్రర్ మెసేజీ రాదు, ప్రాసెసర్ మాత్రం నూరు శాతం తిరుగుతూ ఉంటుంది.

"నాలుగు పెడితే నాలుగు రెట్లు రాకపోయినా, రెండు రెట్లయినా రావాలి కదండీ" అన్నారు. న్యాయమైన మాటే అనిపించి, ఆ రెండు రెట్లు సాధించి పెట్టడమే నా పని అనుకున్నాను.

చేసిన ప్రయత్నాలు

ముందు నిలబడిపోవడం సంగతి చూశాను, ఎందుకంటే అప్పుడప్పుడు మాత్రమే నడిచే దాని వేగాన్ని కొలిచి లాభం లేదు. అన్ని యంత్రాల చేతా పేరు చెప్పించే చిన్న పరీక్ష ప్రోగ్రాము ప్రతిసారీ పనిచేసేది. అందులో యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు గనుక ఆ పరీక్ష నెగ్గినంత మాత్రాన నెట్‌వర్క్ సవ్యంగా ఉందని చెప్పలేం. ఒక యంత్రం నుంచి మరోదానికి ఒకే ఒక్క సందేశం పంపే ప్రోగ్రాము రాసి జంటలు జంటలుగా నడిపితే, పెద్ద డెస్క్‌టాప్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య మాత్రమే ఆగిపోతోందని తేలింది. ఆ రెండింటిలోనూ డాకర్ (ప్రోగ్రాములను విడివిడి గదుల్లో పెట్టినట్టు నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది. అది తన కోసం 172.17.0.1 అనే చిరునామాతో ఒక ఊహా నెట్‌వర్క్‌ను పెట్టుకుంటుంది, ఆ చిరునామా రెండు యంత్రాల్లోనూ ఒకటే. ఆయన వాడిన ఎంపీఐ సాఫ్ట్‌వేర్, ఓపెన్ ఎంపీఐ, మనం ఆపకపోతే యంత్రంలో ఉన్న ప్రతి నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌నూ వాడుకోవాలని చూస్తుంది. అవతలి యంత్రం కూడా అదే నెట్‌వర్క్‌లో ఉందనుకుని ఆ చిరునామాకు ఫోన్ కలిపితే, మోగేది తన ఇంట్లోనే. ఇంటి నెట్‌వర్క్‌ను మాత్రమే వాడమని, ప్రోగ్రామును మొదలుపెట్టే ఎంపీఐరన్ ఆదేశానికి చెప్పే ఒక్క ఆప్షన్‌తో ఆ సమస్య పోయింది. రౌటర్‌లో ప్రతి యంత్రానికీ మారని చిరునామా కేటాయించడం, ఒక యంత్రం నుంచి మరోదానిలోకి వెళ్లనిచ్చే ఎస్ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ అడగకుండా కీలు పెట్టడం, దీనికోసం అన్నిచోట్లా ఒకే వినియోగదారు నంబరుతో విడి ఖాతా తెరవడం కూడా అదే రోజు ముగించాను.

ఇక వేగం సంగతి. ఏదైనా మార్చే ముందు కాగితం మీద లెక్క వేసుకున్నాను. అంచు వరుసలో వెయ్యి సంఖ్యలు, ఒక్కోటి 8 బైట్లు, మొత్తం 8 కిలోబైట్లు. సెకనుకు గిగాబిట్ వేగమున్న కేబుల్ మీద అది దాటడానికి 0.064 మిల్లీసెకన్లు పడుతుంది, దానికి తోడు ప్రతి సందేశానికీ టీసీపీ (సందేశం సరిగ్గా చేరేలా చూసే నియమావళి) వల్ల కలిగే కొద్దిపాటి జాప్యం ఉంటుంది. వైఫైలో అలా ఉండదు. గాలిలో ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగిలినవారు వంతు కోసం కాచుకోవాలి. అందువల్ల చిన్న సందేశానికీ ఒకటి రెండు మిల్లీసెకన్లు పడుతుంది, ఒక్కోసారి ముప్పై కూడా పడుతుంది. నాలుగు యంత్రాలకు పంచాక ఒక్కోదాని లెక్క అర మిల్లీసెకను చుట్టుపక్కల ఉండే పనికి ఇంత నిరీక్షణ పెడితే 4.5 రావడంలో వింతేమీ లేదు. ఒక గిగాబిట్ స్విచ్ తెచ్చి నాలుగింటినీ కేబుళ్లతో కలిపాం.

అడుగుకు 2.3 మిల్లీసెకన్లకు దిగింది. మెరుగే, కానీ ఒక్క యంత్రాన్ని ఇంకా అందుకోలేదు, నా కాగితం లెక్కకు దరిదాపుల్లో కూడా లేదు. ఇలాంటప్పుడు చాలామంది ఎంపీఐ సెట్టింగుల్లోకి దిగిపోతారు. లెక్కకూ కొలతకూ మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు నేను అట్టడుగున ఉన్న తీగల నుంచి మొదలుపెడతాను. పట్టీల వరుసలో మధ్యన ఉన్న హాలు డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ కార్డు స్థితిని చూపే ఈథ్‌టూల్ అనే ఆదేశంతో చూస్తే లింకు వేగం సెకనుకు 100 మెగాబిట్లని ఉంది. స్విచ్ మీద దాని దీపం మిగతా వాటికన్నా వేరే రంగులో వెలుగుతోంది. అది మొదటి రోజు నుంచీ అలాగే ఉండి ఉంటుంది, నేనే చూడలేదు. గిగాబిట్ ఈథర్‌నెట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. ఆ కేబుల్ తలుపు సందున నలిగి ఒక జత తెగింది. కనెక్షన్ పోలేదు, ఇంటర్నెట్ వస్తోంది, ఫైళ్లు వెళుతున్నాయి, కనుక ఎవరికీ అనుమానం రాలేదు. మధ్యలోని యంత్రం అటూ ఇటూ రెండు అంచులు పంపాలి, అంటే 16 కిలోబైట్లు. 100 మెగాబిట్ల మీద దానికే 1.28 మిల్లీసెకన్లు. కేబుల్ మార్చగానే అడుగుకు 1.2 అయింది.

తర్వాత ప్రతి అడుగులోనూ "ఇక ఆగవచ్చా" అని అన్ని యంత్రాలనూ సంప్రదించే భాగాన్ని చూశాను. ప్రతి అడుగుకూ అందరి సంఖ్యలనూ కూడి అందరికీ తెలియజేయడమంటే నెట్‌వర్క్ మీద కనీసం రెండు దఫాల రాకపోకలు. రెండు లక్షల అడుగులు నడిచే రన్‌లో ఆగడానికి వంద అడుగులు అటూ ఇటూ అయితే నష్టం లేదని ఆయన ఒప్పుకున్నాక, ఆ సంప్రదింపును నూటికి ఒకసారికి తగ్గించాం. అది 1.05కు తెచ్చింది.

అక్కడ ఆగిపోయింది. కారణం పాత డెస్క్‌టాప్. అందరికీ సమానమైన పట్టీలు ఇచ్చాం, దాని మెమరీ నెమ్మది గనుక మిగిలిన మూడూ ప్రతి అడుగులోనూ దాని కోసం కాచుకుంటున్నాయి. వేగాన్ని బట్టి పట్టీల వెడల్పు మార్చి 0.85కు చేర్చాను. మొత్తం పనికి 28 గంటలు. ఒక్క యంత్రం మీద పట్టే 50 గంటలతో పోలిస్తే ఆయన అడిగిన రెండు రెట్లకు దాదాపు చేరినట్టే.

విఫలమైనది ఏది

ఆ 28 గంటల పనిని నాలుగుసార్లు మొదలుపెట్టాం, ఒక్కసారీ చివరిదాకా వెళ్లలేదు. ఒకసారి ల్యాప్‌టాప్ మూత వేశారు, అది నిద్రలోకి జారుకుంది. మరోసారి హాలు డెస్క్‌టాప్ అప్‌డేట్ చేసుకుని తిరిగి మొదలైంది. ఇలా కట్టిన ఎంపీఐ పనిలో ఒక యంత్రం తప్పుకుంటే మిగిలిన మూడూ ఆగిపోతాయి. నాలుగు యంత్రాలను కలపడం వల్ల వేగం రెండు రెట్లు కాకముందే, పని చెడే అవకాశం నాలుగు రెట్లయింది.

మూడోసారి ఆగినప్పుడు రన్ మధ్య స్థితిని డిస్కులో దాచుకునే ఏర్పాటు చేద్దామని కూర్చున్నాను. ఏది ఎంత తరచుగా దాచాలో నిర్ణయించడానికి, ఒక్కో రన్ ఆయనకు ఎంత విలువైనదో తెలియాలి. ఆ సందర్భంలో అడిగిన ప్రశ్న ఇది: "మీకు ఒక్కో రన్ త్వరగా అయిపోవాలా, లేక 600 రన్లూ తెల్లారేసరికి చేతికి రావాలా?"

"ఒక్క రన్‌తో నేనేం చేసుకుంటానండీ! 600 ఉంటేనే కదా పటం గీసేది" అన్నారాయన.

ఈ ప్రశ్న మొదటి రోజే అడగవలసింది. ఒక రన్ ఫలితం మరో రన్‌కు అక్కర్లేదు. 600 రన్లూ ఒకదానితో ఒకటి ఒక్క మాట కూడా మాట్లాడుకోనవసరం లేనివి. అంటే ఆ పనిలో సహజంగా 600 ముక్కలు ఉన్నాయి, మేము వాటిని వదిలేసి ప్రతి ముక్కనూ మళ్లీ కోసి, ఆ కోతల మీదుగా సెకనుకు వెయ్యిసార్లు ఉత్తరాలు నడుపుతున్నాం. 1999లో మొదలైన సెటీ ఎట్ హోమ్, అంటే గ్రహాంతరవాసుల సంకేతాల కోసం వెతికిన ప్రాజెక్టు, లక్షల ఇళ్ల కంప్యూటర్లను, అందులోనూ టెలిఫోన్ తీగల మీద ఇంటర్నెట్ వాడే కాలంలో, ఒకే పనికి పెట్టగలిగింది ఇందువల్లే. అక్కడ ఒక ఇంటి లెక్కకు పొరుగింటి లెక్కతో పనిలేదు. బేవుల్ఫ్ కథ చదివి వచ్చిన మనిషికి నేను గుర్తు చేయవలసిన రెండో కథ అది.

రోగి తానే రోగం పేరు చెబుతూ వస్తే వైద్యుడు పరీక్ష మానేసినట్టే నేనూ చేశాను. ఆయన ఎంపీఐతో వచ్చారు, నేను ఎంపీఐని బాగుచేశాను.

పనిచేసిన పద్ధతి

మార్పును ప్రతిపాదించే ముందు ఒక కొలత తీసుకున్నాను. పెద్ద డెస్క్‌టాప్ ఒక్కదానిలోనే, ఎంపీఐ ఊసు లేకుండా, ఒక్కో రన్‌ను ఒక్కో కోర్‌కు ఇచ్చి చూశాను. ఒక్క రన్ ఒంటరిగా నడిస్తే అడుగుకు 2.5 మిల్లీసెకన్లు. రెండు కలిసి నడిస్తే ఒక్కోదానికి 2.7. నాలుగైతే 4.4. ఆరైతే 6.6. నాలుగు పెట్టినా ఆరు పెట్టినా మొత్తం ఉత్పత్తి ఒకటే, సగటున 1.1 మిల్లీసెకన్లకు ఒక అడుగు. ప్రతి అడుగులోనూ రన్‌కు 24 మెగాబైట్ల చొప్పున మెమరీతో రాకపోకలుంటాయి. నాలుగు రన్లకు సెకనుకు దాదాపు 22 గిగాబైట్లు అవుతుంది, ఆ యంత్రం మెమరీ అంతకుమించి ఇవ్వలేదు. కోర్లు ఖాళీగా ఉన్నట్టు కనిపించినా వాటికి మేత లేదు. అందుకే ఏ యంత్రంలో ఎన్ని పెట్టాలో కోర్లను లెక్కపెట్టి నిర్ణయించకుండా, ఇలా కొలిచి నిర్ణయించాం.

ఈ 1.1 అనే అంకెను 600 రన్లకు విస్తరిస్తే 37 గంటలు వస్తుంది. నాలుగు యంత్రాలను రెండు వారాలు శ్రమపడి కట్టి సాధించింది 28 గంటలు. ఏమీ కట్టకుండా ఒక్క యంత్రం ఇచ్చేది 37. ఆ రెండంకెలూ పక్కపక్కన రాసి చూపించాక వాదించవలసిన అవసరం కలగలేదు.

సంఖ్యలను చిన్నవి చేసి, అంటే 8 బైట్లకు బదులు 4 బైట్లలో పెట్టి, మెమరీ భారాన్ని సగం చేద్దామా అని ఆయన అడిగారు. ఆలోచించదగ్గ సూచనే. అయితే 4 బైట్ల సంఖ్యలో నిలిచేది సుమారు ఏడు అంకెలే. రన్ ముగింపుకు వచ్చేసరికి అడుగుకూ అడుగుకూ మార్పు అంతకన్నా చిన్నదవుతుంది, అప్పుడు కూడికలో అది కలవకుండానే పోతుంది. రన్ ముందుగా ఆగిపోతుంది, ఫలితం సరైనదిగానే కనిపిస్తుంది. అలాంటి తప్పు తర్వాత ఎవరికీ దొరకదు గనుక వద్దన్నాను.

పని పంచడానికి గ్నూ ప్యారలల్ అనే చిన్న ప్రోగ్రామును ఎంచుకున్నాను. హెచ్‌టీకాండర్ వంటి పూర్తిస్థాయి వ్యవస్థ దీన్ని ఇంకా బాగా చేస్తుంది, కానీ నాలుగు యంత్రాల ఇంట్లో దాన్ని నిలబెట్టి కాపాడుకోవడమే ఒక ఉద్యోగం. గ్నూ ప్యారలల్‌కు కావలసింది అప్పటికే ఉన్న ఎస్ఎస్‌హెచ్ మాత్రమే. ఖాళీ అయిన యంత్రానికి వరుసలో తర్వాతి రన్‌ను ఇస్తుంది కనుక, వేగమైన యంత్రం తనంతట తానే ఎక్కువ చేస్తుంది. పట్టీల వెడల్పు కోసం నేను పడిన తంటా అంతా ఈ ఒక్క ఏర్పాటుతో అనవసరమైపోయింది.

మొదటి రాత్రి మాత్రం నా వల్లే చెడింది. కొత్త పద్ధతికి మారేటప్పుడు, ఎవరూ అడగకుండానే, కంపైలర్‌కు (రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగల ఫైలుగా మార్చేది) "ఈ యంత్రానికి తగ్గట్టు తయారుచెయ్యి" అనే ఆప్షన్ జోడించి పెద్ద డెస్క్‌టాప్‌లో ప్రోగ్రామును కట్టి, అదే ఫైలును అన్నింటికీ పంపాను. ఆ ఆప్షన్ వల్ల ఫైలులోకి చేరిన ఏవీఎక్స్2 అనే కొత్త రకం ఆదేశాలు ఇంటెల్ ప్రాసెసర్లలోకి వచ్చింది 2013లో, పాత డెస్క్‌టాప్ 2012ది. అక్కడ ప్రతి రన్ మొదలైన క్షణంలోనే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని చచ్చిపోయింది. అంతవరకైతే ఒక యంత్రం పనికిరాకుండా పోయేది, అంతే. కానీ పని పంచే వ్యవస్థ దృష్టిలో క్షణంలో ఖాళీ అయ్యే యంత్రమే అందరికన్నా చురుకైనది. పెద్ద డెస్క్‌టాప్ నాలుగు, హాలుది నాలుగు, ల్యాప్‌టాప్ మూడు రన్లు పట్టుకుని బుద్ధిగా లెక్క చేసుకుంటూ ఉండగా, మిగిలిన 589 రన్లనూ పాత డెస్క్‌టాప్ కొన్ని నిమిషాల్లో మింగేసింది. పొద్దున లాగ్ ఫైలు తెరిస్తే 132 అనే నిష్క్రమణ సంఖ్య (ప్రోగ్రాము ఎలా ముగిసిందో చెప్పే అంకె) పేజీల కొద్దీ బారులు తీరి ఉంది. ఆదేశాలను నడిపే షెల్‌లో 128కి నాలుగో సిగ్నల్‌ను కూడితే వచ్చేది అది, అర్థం కాని ఆదేశం ఎదురై ప్రోగ్రాము ఆగిందని దాని భావం.

దిద్దుబాటులో మూడు భాగాలున్నాయి. మొదటిది, అందరికీ అర్థమయ్యే సాధారణ ఆదేశాలతోనే ప్రోగ్రామును మళ్లీ కట్టాను. ఎలాగూ మెమరీ కోసం కాచుకునే లెక్క గనుక వేగంలో తేడా పట్టించుకోదగినంత లేదు. ఒక్కో యంత్రానికి ఒక్కో ఫైలు కట్టవచ్చు కదా అంటే, దాని జోలికి వెళ్లకపోవడానికి వేరే కారణం ఉంది. కొత్త ప్రాసెసర్లు గుణకారాన్నీ కూడికనూ ఒకే ఆదేశంగా చేసి ఒక్కసారే సవరిస్తాయి, పాతవి రెండుసార్లు సవరిస్తాయి. చివరి అంకెల్లో వచ్చే ఆ తేడా ఆగే నిర్ణయం దాకా పాకి, ఒకే రన్ ఒకచోట వంద అడుగులు ఎక్కువ నడిచింది. ఒకే ఫైలు వాడాక నాలుగు యంత్రాలూ ఒకే రన్‌కు అక్షరం పొల్లుపోకుండా ఒకే ఫలితం ఇచ్చాయి. ఏ రన్ ఎక్కడ జరిగిందన్నది అప్పటి నుంచి పట్టించుకోనక్కర్లేకపోయింది.

రెండోది, ప్రతి యంత్రమూ పనిలోకి దిగే ముందు ముందే జవాబు తెలిసిన ఒక చిన్న రన్ చేసి చూపించాలి, అది తప్పితే ఆ రాత్రికి దానికి పని లేదు. మూడోది, రన్ ముగిసిందనడానికి నిష్క్రమణ సంఖ్య ఒక్కటే చాలదు. ఫలితాన్ని యంత్రం తన సొంత డిస్కులో తాత్కాలిక పేరుతో రాస్తుంది. చివరి పంక్తి దాకా ఉందో లేదో సరిచూసుకుని అప్పుడే పెద్ద డెస్క్‌టాప్‌కు పంపుతుంది, అక్కడా పూర్తిగా చేరాకే అసలు పేరు పడుతుంది. మధ్యలో ఎవరైనా మూత వేసినా, తీగ పీకినా, సగం రాసిన ఫైలు పూర్తయిన ఫలితంలా కనిపించే వీలు లేదు. విఫలమైన రన్లను మాత్రం మళ్లీ నడిపే సౌకర్యం గ్నూ ప్యారలల్‌లోనే ఉంది. ఒక యంత్రం పోతే ఇప్పుడు పోయేవి దాని చేతిలోని మూడు నాలుగు రన్లు మాత్రమే.

రన్లను ఇచ్చే క్రమం కూడా మార్చాం. కొన్ని 60 వేల అడుగుల్లో ముగుస్తాయి, కొన్నింటికి 6 లక్షలు పడతాయి. ఆరు లక్షలది ఆఖరున పాత డెస్క్‌టాప్‌కు చిక్కితే, మిగతా అందరూ పని ముగించి గంటన్నర కూర్చోవాలి. వాహకతను బట్టి ఏవి పొడవో ముందే తెలుస్తుంది గనుక పొడవైనవాటిని ముందు పెట్టాం. చివరికి చిల్లర పని మిగులుతుంది, అది అందరి మధ్యా సర్దుకుంటుంది.

ల్యాప్‌టాప్‌లో నాలుగు రన్లు పెడితే పావుగంటకల్లా వేడెక్కి ప్రాసెసర్ వేగం తగ్గించుకునేది, మూడు పెడితే అంతే పని నిలకడగా చేసింది. మూత వేసినా నిద్రపోకుండా సెట్టింగు మార్చాం.

హాలు డెస్క్‌టాప్ విషయంలో నేను ఊహించనిది జరిగింది. దాన్ని వాడేవారికి ఇబ్బంది కలగకుండా మా రన్లకు అతి తక్కువ ప్రాధాన్యం, నైస్ 19, ఇచ్చి పగలు కూడా నడిపి చూశాం. అయినా వీడియోలు ఆగి ఆగి వస్తున్నాయని ఫిర్యాదు వచ్చింది. నైస్ ప్రాసెసర్ సమయాన్ని పంచుతుంది, మెమరీ దారిని పంచదు. మా నాలుగు రన్లు ఆ దారినంతా ఆక్రమించుకుంటే వాళ్ల వీడియోకు ప్రాసెసర్ దొరికినా ప్రయోజనం లేదు. రాత్రి ఎనిమిది తర్వాతే దాన్ని వాడుకుంటామని, ఉదయం వాళ్లు వచ్చి ఒక్క బటన్‌తో మా పనిని తీసేయవచ్చని ఒప్పందం చేసుకున్నాం.

యంత్రాల విడివిడి వేగాలు, సగటున ఒక్క అడుగుకు, ఇలా తేలాయి: పెద్ద డెస్క్‌టాప్ 1.1, హాలుది 1.4, ల్యాప్‌టాప్ 1.8, పాతది 2.2 మిల్లీసెకన్లు. అన్నీ కలిస్తే 0.38. కాగితం లెక్క ప్రకారం పన్నెండున్నర గంటలు దాటాలి. రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టిన పని మర్నాడు తొమ్మిదిన్నరకు ముగిసింది. ల్యాప్‌టాప్ మధ్యలో ఒకసారి నెట్‌వర్క్ నుంచి జారిపోయిందని లాగ్ చూస్తే గానీ తెలియలేదు. దాని చేతిలోని మూడు రన్లను మిగతావి చేసేశాయి.

నేర్చుకున్నది

ఇప్పుడు ఎవరు వచ్చినా మొదట అడిగేది యంత్రాల గురించి కాదు. ముక్కలు ఎన్ని, ఒక ముక్క మరో ముక్కతో ఎంత తరచుగా మాట్లాడాలి, ఒక్కో మాటకు ఎన్ని బైట్లు, రెండు మాటల మధ్య ఎంత లెక్క జరుగుతుంది అని అడుగుతాను. 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పిన పరిమితి, అంటే సమాంతరం చేయలేని భాగమే చివరికి మొత్తం వేగాన్ని బంధిస్తుందన్నది, చాలామందికి నోటికి వచ్చు. ఇంటి నెట్‌వర్క్‌లో ఆ భాగం ప్రోగ్రాములో కనిపించదు. అది తీగలో, స్విచ్‌లో, పక్కవాడి కోసం కాచుకోవడంలో ఉంటుంది కనుక కొలిస్తేనే బయటపడుతుంది.

కేబుల్ కోసం చేసిన శ్రమ వృథా అయిందా అని ఆయన ఒకసారి అడిగారు. కొత్త పద్ధతికి వైఫై కూడా సరిపోయేది, నిజమే. కాగితం మీది లెక్కను కొలతకు ఎదురుగా పెట్టే అలవాటు లేకపోతే 37, 28 అనే అంకెలు కూడా పక్కపక్కకు వచ్చేవి కావు, అందుకని వృథా అనలేకపోయాను.

కొన్ని నెలల తర్వాత ఆయన మళ్లీ రాశారు. ఈసారి మూడు కొలతల జాలకం కావాలి, ఒక్కో దిశలో వెయ్యి గళ్లు. పాత, కొత్త ఉష్ణోగ్రతలకు 8 గిగాబైట్ల చొప్పున 16 కావాలి. పెద్ద డెస్క్‌టాప్‌లో ఉన్నదే 16, ఆపరేటింగ్ సిస్టమ్‌కే చోటు మిగలదు. ఇక్కడ ఒక్క రన్ ఒక్క యంత్రంలో పట్టదు, అంటే కోయక తప్పదు, పక్కన పెట్టిన ఎంపీఐ ప్రోగ్రాముకు ఇప్పుడు నిజంగా పని ఉంది. అంచు ఇప్పుడు వరుస కాదు, పది లక్షల గళ్ల పలక. అంటే 8 మెగాబైట్లు, గిగాబిట్ మీద 64 మిల్లీసెకన్లు. లెక్క కూడా వెయ్యి రెట్లు పెరిగింది గనుక లెక్కకూ బైట్ల ప్రయాణానికీ ఉన్న నిష్పత్తి రెండు కొలతలప్పటిదే. మారిందల్లా ప్రతి సందేశానికీ ఉండే చిన్న జాప్యం, పెద్ద సందేశంలో అది కలిసిపోయి లెక్కలోకి రాదు. వేగాన్ని బట్టి వేసిన పట్టీల లెక్క ఈసారి చాలదు, ఒక్కో యంత్రం మెమరీ ఎంతవరకు పట్టగలదో అది కూడా కలపాలి. మధ్య స్థితిని దాచే ఏర్పాటును ఈసారి ముందే రాస్తున్నాం, అది పూర్తయ్యేదాకా మొదటి పెద్ద రన్‌ను మొదలుపెట్టబోమని ఇద్దరం అనుకున్నాం.